పిఠాపురం పొలాల్లో పాత లెన్సులు

పిఠాపురం, సామర్లకోట, కాకినాడ చుట్టుపక్కల పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాళ్లలో చాలామంది ఇప్పటికే మిర్రర్‌లెస్ కెమెరాకు మారిపోయారు. డీఎస్‌ఎల్‌ఆర్ రోజుల్లో కొన్న 70-200 లెన్సులు మాత్రం స్టూడియో బీరువాల్లో అలాగే ఉన్నాయి. పక్షుల మీద ఇష్టం పెంచుకున్నవాళ్ల దగ్గరైతే 150-600లు, 400లు కూడా ఉన్నాయి. అడాప్టర్ తగిలించి వాటితోనే పక్షులను తీయవచ్చా, లేక కొత్త మౌంటుకు తగ్గ లెన్స్ మళ్లీ కొనాల్సిందేనా? బాడీ ధరకు రెండింతలు పెట్టాల్సి వచ్చే లెన్సులున్న ఈ వ్యవహారంలో అది చిన్న ప్రశ్న కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లెన్సూ బాడీ ఒకే కంపెనీవి, అడాప్టర్ కూడా ఆ కంపెనీదే, ఫోకస్ మోటారు లెన్స్ లోపలే ఉంది అనుకోండి, కొత్త లెన్స్ కోసం అప్పు చేయనక్కర్లేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఎగిరే పక్షి మీద ఆశ తగ్గించుకుని, వాలిన పక్షితో తృప్తి పడాలి. ఇక మన గోదావరి డెల్టా వరకు ఇంకో సంగతి ఉంది. ఇక్కడ ఫొటో చెడడానికి చాలాసార్లు కారణం లెన్స్ కాదు, లెన్స్‌కీ పక్షికీ మధ్య ఉన్న గాలి.

అడాప్టర్ అంటే చాలావరకు ఖాళీ గొట్టం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం పైకీ కిందకీ కదలాలి కాబట్టి లెన్స్ మౌంటుకూ సెన్సర్‌కూ మధ్య చోటు వదిలారు. కెనాన్ ఇఎఫ్ మౌంటులో ఆ దూరం 44 మి.మీ., నికాన్ ఎఫ్ మౌంటులో 46.5 మి.మీ. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు కనుక దూరం తగ్గిపోయింది. కెనాన్ ఆర్ఎఫ్‌లో 20, సోనీ ఇ మౌంటులో 18, నికాన్ జడ్‌లో 16 మి.మీ. ఇఎఫ్ లెన్స్‌ను ఆర్ఎఫ్ బాడీకి పెట్టాలంటే ఆ తేడా 24 మి.మీ.ను గొట్టంతో పూడ్చితే చాలు. మధ్యలో గాజు ఉండదు కాబట్టి లెన్స్ పదును ఒక్క పిసరు కూడా తగ్గదు. "అడాప్టర్ పెడితే క్వాలిటీ పోతుంది" అని కొట్టులో ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. గాజు ఉన్న అడాప్టర్ల సంగతి వేరు. వాటిలో ఫోకల్ లెంగ్తును తగ్గించి వెలుతురు పెంచేవి వీడియో వాళ్లకు పనికొస్తాయి, పక్షుల వాళ్లకు అక్కర్లేదు. మనకు కావలసింది దూరం అందుకోవడం.

ఈ లెక్క ఎంత ముఖ్యమో కెనాన్ ఎఫ్‌డీ లెన్సుల కథ చెబుతుంది. ఆ మౌంటు దూరం 42 మి.మీ. 1987లో కెనాన్ 44 మి.మీ. ఇఎఫ్ మౌంటుకు మారగానే ఎఫ్‌డీ లెన్సులన్నీ ఒక్కసారిగా అనాథలయ్యాయి. కొత్త బాడీకి పెడితే మధ్యలో గాజు లేకుండా దూరపు వస్తువు మీద ఫోకసే కుదిరేది కాదు. 300 ఎఫ్/4, 500 ఎఫ్/4.5 లాంటి మేలైన లెన్సులు ఇరవై ఏళ్లు మూలపడ్డాయి. 2008లో పానాసోనిక్ జి1తో మార్చుకునే లెన్సుల మిర్రర్‌లెస్ కెమెరా వచ్చాకే వాటికి మళ్లీ చలామణి దొరికింది. ఇప్పుడు రెండు మిర్రర్‌లెస్ మౌంటుల మధ్య కూడా అడాప్టర్లు ఉన్నాయి. సోనీ ఇ మౌంటు లెన్స్‌ను నికాన్ జడ్ బాడీకి పెట్టే టెక్‌ఆర్ట్ అడాప్టర్ మందం 2 మి.మీ. మాత్రమే, అందులోనే విద్యుత్ పరికరాలు ఇరికించారు.

గొట్టం సంగతి అంతే. అసలు కష్టం ఆటోఫోకస్‌ది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫొటో పడే సెన్సర్ వేరు. ఈ రెంటికీ దూరం వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్షి కన్ను బదులు రెక్క మీదో, వెనక రెల్లు మీదో ఫోకస్ పడేది. దాన్ని సరిచేయడానికి ఒక్కో లెన్స్‌కూ మెనూలో అంకెలు మార్చుకుంటూ కూర్చునేవాళ్లు. మిర్రర్‌లెస్‌లో ఫొటో పడే సెన్సరే ఫోకస్ కూడా కొలుస్తుంది. అందుకే పాత లెన్స్ పాత బాడీ మీద కన్నా కొత్త బాడీ మీద ఎక్కువ పదునుగా కనిపిస్తుంది. లెన్స్ మారలేదు, తప్పు కొలత పోయింది. ఇంకో లాభం, పాత బాడీలు సాధారణంగా ఎఫ్/5.6 వరకు, మంచివైతే ఎఫ్/8 వరకు ఫోకస్ చేసేవి. ఎఫ్/5.6 లెన్స్‌కు ఫోకల్ లెంగ్తు పెంచే 1.4 కన్వర్టర్ పెడితే ఎఫ్/8 అయి, చాలా బాడీలు చేతులెత్తేసేవి. మిర్రర్‌లెస్‌లో ఎఫ్/11 దగ్గర కూడా ఫోకస్ దొరుకుతుంది. వెలుతురు ఉంటే చాలు, పాత కన్వర్టర్లు మళ్లీ పనిలోకి వస్తాయి. అయితే వాటిని పెట్టే వరుస గుర్తుంచుకోవాలి. ముందు లెన్స్, తరవాత దానికి చెందిన పాత కన్వర్టర్, చివర అడాప్టర్. కొత్త మౌంటు కన్వర్టర్‌ను అడాప్టర్ వెనక పెట్టడానికి కెనాన్‌లోనూ కుదరదు, నికాన్‌లోనూ కుదరదు.

కంపెనీలవారీగా చూస్తే కెనాన్ వాళ్లు అదృష్టవంతులు. ఇఎఫ్ మౌంటు పుట్టినప్పటి నుంచి మోటారు లెన్స్‌లోనే ఉంది, బాడీతో మాటలన్నీ విద్యుత్ మార్గంలోనే. 2018లో ఇఓఎస్ ఆర్‌తో పాటు వచ్చిన అడాప్టర్ ఆ మాటలను ఉన్నదున్నట్టు చేరవేస్తుంది. 2020లో వచ్చిన ఆర్5, ఆర్6 బాడీలు పక్షి కన్నును గుర్తుపట్టి పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ గుర్తింపు జరిగేది బాడీలో కాబట్టి 1993 నాటి ఇఎఫ్ 400 ఎఫ్/5.6 లెన్స్ పెట్టినా అది పనిచేస్తుంది. ఈ లెన్స్ గురించి నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది. బరువు కిలోంబావు, చేత్తో పట్టుకుని గట్ల మీద గంటల తరబడి నడవవచ్చు. దానిలో కుదుపు ఆపే ఏర్పాటు లేదన్నది ఒక్కటే పాత ఫిర్యాదు. ఇప్పుడు సెన్సరే కదిలి కుదుపు తగ్గించే బాడీలు వచ్చాయి కాబట్టి ఆ ఫిర్యాదు చాలావరకు తీరింది. కొన్ని పాత లెన్సులతో సెకనుకు పడే ఫ్రేముల సంఖ్య తగ్గుతుంది. ఏ లెన్స్‌తో ఎంత అన్నది కంపెనీ ఇచ్చే జాబితాలో చూసుకోవాలి.

నికాన్‌లో గీత కాస్త పక్కన పడింది. 2018లో జడ్6, జడ్7తో వచ్చిన ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లోనూ, 2021 నాటి రెండో ఎఫ్‌టీజడ్‌లోనూ మోటారు లేదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులు బాగా నడుస్తాయి. 200-500 ఎఫ్/5.6, 300 ఎఫ్/4 పిఎఫ్, 500 ఎఫ్/5.6 పిఎఫ్ ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. 755 గ్రాముల 300 పిఎఫ్ అయితే అడాప్టర్ కలిపినా కిలో దాటదు. కానీ బాడీలోని మోటారు స్క్రూ తిప్పితే కదిలే పాత ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులు ఈ అడాప్టర్ మీద చేత్తో తిప్పుకునేవిగా మిగిలిపోతాయి. 2000లో వచ్చిన 80-400 వీఆర్ అలాంటిదే. ఒకప్పుడు పక్షుల వాళ్లు మోజుపడి కొన్న లెన్స్ అది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపించిందని జడ్ బాడీ కోసం కొనవద్దు. సోనీ మాత్రం తన పాత ఏ మౌంటు స్క్రూ లెన్సుల కోసం 2020లో మోటారు ఉన్న ఎల్ఏ-ఇఏ5 అడాప్టర్ తెచ్చింది, అది కూడా కొన్ని బాడీల మీదే మోటారు తిప్పుతుంది.

సిగ్మా, టామ్రాన్ 150-600లు మన దగ్గర పక్షుల వాళ్ల చేతుల్లో విరివిగా ఉన్నాయి. రెండు కిలోల దగ్గర బరువు, అసలు కంపెనీ లెన్సులతో పోలిస్తే ధర తక్కువ. వీటితో చిక్కు ఏమిటంటే, ఇవి డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ భాషను బయటి నుంచి నేర్చుకున్నవి. కొత్త బాడీ కొత్త ప్రశ్న అడిగితే తడబడతాయి. ఆ తడబాటు పోవాలంటే లెన్స్ లోపలి ఫర్మ్‌వేర్ మార్చాలి. సిగ్మాకు యూఎస్‌బీ డాక్, టామ్రాన్ రెండో తరానికి ట్యాప్-ఇన్ కన్సోల్ ఉన్నాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. టామ్రాన్ తొలి తరం 150-600కి ఆ సౌకర్యం లేదు, సర్వీసుకు పంపాల్సిందే. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు రెండో తరానికే నా ఓటు.

ఇక కంపెనీ దాటే కాపురాలు. కెనాన్ లెన్స్ సోనీ బాడీ మీద పనికొచ్చేలా ఫోకస్ చేయగలదని 2015లో ఏ7ఆర్ మార్క్ 2 వచ్చాకే జనానికి నమ్మకం కుదిరింది. మెటాబోన్స్ అడాప్టర్లు, 2016లో సిగ్మా ఎంసీ-11 ఆ దారి వెడల్పు చేశాయి. ఎంసీ-11కు సిగ్మా హామీ తన లెన్సుల వరకే. కెనాన్ లెన్స్ పెడితే నడవవచ్చు, నడవకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. గట్టు మీద ఒంటికాలిపై నిలబడ్డ కొంగకు ఈ జోడీ చక్కగా సరిపోతుంది. అదే కొంగ లేచి మన వైపు వస్తే ఫోకస్ ఒక అడుగు వెనకబడుతుంది, ఆ ఒక్క అడుగులోనే కన్ను పోతుంది. దీన్ని ఒక లెక్కతో చూడవచ్చు. సెకనుకు పది మీటర్ల వేగంతో ఎదురుగా వచ్చే పక్షి, ఫోకస్ పదో వంతు సెకను ఆలస్యమైతే ఒక మీటరు దాటిపోతుంది. 500 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/8 దగ్గర, 20 మీటర్ల దూరంలో, మామూలు ప్రమాణంతో చూసినా పదునుగా ఉండే లోతు మొత్తం ముప్పావు మీటరే. 10 మీటర్లకు వస్తే 20 సెం.మీ. కూడా ఉండదు.

ఈ అంకెలే చేత్తో తిప్పే పాత లెన్సుల సంగతీ తేలుస్తాయి. రష్యా వాళ్ల ఎంటీఓ 1000, 3ఎం-5 500, రూబినార్, టామ్రాన్ 500 ఎఫ్/8, నికాన్ రిఫ్లెక్స్ 500 లాంటి అద్దాల లెన్సులు తక్కువ ధరకే దొరుకుతాయి. లోపల అద్దాలతో కాంతిని మడతపెట్టడం వల్ల పొట్టిగా, తేలిగ్గా ఉంటాయి. వీటికి డయాఫ్రం లేదు, ఎఫ్/8 అంటే ఎప్పటికీ ఎఫ్/8. వెనక మెరిసే నీటి చుక్కలన్నీ గారెల్లా చిల్లు పడిన గుండ్రాలై కనిపిస్తాయి. ఎండలో మెరిసే చెరువు ముందు తీసిన ఫొటోలో పక్షి కన్నా ఆ గుండ్రాలే ముందు కంటికి తగులుతాయి. అందుకని ఈ లెన్సులకు నీటిని కాక వరిచేను వెనక వచ్చేలా చూసుకోవాలి. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో దృశ్యాన్ని పెద్దది చేసి చూడవచ్చు, పదునైన అంచులు రంగులో మెరిసేలా పెట్టుకోవచ్చు కాబట్టి వాలిన పక్షి మీద చేత్తో ఫోకస్ చేయడం ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ మీద కన్నా ఎంతో సులువు. రెండు సెట్టింగులు మరిచిపోకూడదు. లెన్స్ లేదనుకుని షట్టర్ ఆగకుండా మెనూలో అనుమతి ఇవ్వాలి. ఫోకల్ లెంగ్తు ఎంతో బాడీకి చెప్పాలి, లేకపోతే కుదుపు ఆపే సెన్సర్ తప్పు లెక్కతో కదిలి ఫొటోను తనే అలుకుతుంది.

చేత్తో ఫోకస్ చేసి ఎగిరే పక్షిని పట్టినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆటోఫోకస్ లేని కాలంలో అంతా అలాగే తీశారు. అయితే వాళ్లు పక్షి వెంట పడలేదు, పక్షి వచ్చే చోట ముందే ఫోకస్ పెట్టి కాచుకున్నారు. లకుముకి పిట్ట మళ్లీ మళ్లీ అదే కొమ్మకు వస్తుంది, గిజిగాడు అదే గూటికి వస్తుంది. ఆ అలవాటు తెలిసినవాళ్లకు పాత లెన్స్ ఇప్పటికీ అన్నం పెడుతుంది.

ఇప్పుడు మన నేలకు వద్దాం. పిఠాపురం చుట్టూ ఏలేరు కాలువల కింద వరి. సార్వాకు, దాళ్వాకు దమ్ము చేస్తున్నప్పుడు ట్రాక్టరు వెనక కొంగల గుంపు కదులుతుంది. వాటికి ట్రాక్టరంటే భయం లేదు, బురదలోంచి బయటపడే పురుగు మీదే ధ్యాస. గట్టు మీద కదలకుండా కూర్చుంటే పదిహేను, ఇరవై మీటర్లకు వచ్చేస్తాయి. ఇక్కడ 600 అవసరమే లేదు. స్టూడియో బీరువాలోని 70-200 ఎఫ్/2.8కు పాత రెండింతల కన్వర్టర్ పెడితే 400 ఎఫ్/5.6 అవుతుంది, దాంతో ఫ్రేము నిండిపోతుంది. నల్లటి బురద మీద తెల్లటి కొంగ ఉన్నప్పుడు మీటరు బురదను చూసి మోసపోయి కొంగ రెక్కల్లోని గీతలన్నీ తెల్లగా మాడ్చేస్తుంది. వ్యూఫైండర్‌లో ఎక్స్‌పోజర్ ముందే కనబడడం మిర్రర్‌లెస్ ఇచ్చిన వరం. పాత లెన్స్ పెట్టినా ఆ వరం పోదు.

కాలువ తీగ మీద కూర్చునే చిన్న లకుముకి పిట్ట వేరే లెక్క. అది 17 సెం.మీ. ఉంటుంది. 20 మీటర్ల దూరంలో 400 మి.మీ. లెన్స్ దాన్ని సెన్సర్ మీద 3.4 మి.మీ. చేస్తుంది. ఫుల్ ఫ్రేమ్ ఎత్తు 24 మి.మీ.లో అది ఏడో వంతు. కెనాన్ ఆర్7 లాంటి చిన్న సెన్సర్ బాడీ మీద నాలుగో వంతుకు దగ్గర. పాత లెన్స్‌కు ఎక్కువ దూరం కావాలంటే చవకైన దారి ఇదే అని నేను అంటాను. ఇంకో పెద్ద లెన్స్ వెతక్కుండా, ఉన్న లెన్స్ వెనక చిన్న సెన్సర్ పెట్టుకోవడం.

ఉప్పాడ తీరంలో చేపల పడవలు ఒడ్డుకు వచ్చే వేళ గరుడ పక్షులు, సముద్రపు కాకులు తలల మీదే తిరుగుతాయి. దగ్గరే ఉంటాయి కానీ క్షణం నిలవవు. కంపెనీ దాటిన అడాప్టర్లు, అద్దాల లెన్సులు ఇక్కడ ఓడిపోతాయి. ఒకే కంపెనీ జోడీకి 300 మి.మీ. చాలు. సముద్రపు ఉప్పుగాలి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. లెన్స్‌కూ బాడీకీ రబ్బరు సీలు ఉన్నా, చవక అడాప్టర్‌కు సీలు ఉండదు. ఉప్పు తుంపర దూరడానికి ఆ ఒక్క సందు చాలు. అడాప్టర్ వల్ల కీళ్లు రెండవుతాయి కాబట్టి బరువు లెన్స్‌ను ఎప్పుడూ దాని కాలర్ కింద చేయి పెట్టి మోయాలి. బాడీకి తాడు కట్టి లెన్స్‌ను వేలాడదీస్తే ఆ బరువంతా అడాప్టర్ మరల మీద పడుతుంది.

కాకినాడలో కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురద మేటలు, కోరింగ మడ అడవుల అంచులు అసలైన పరీక్ష. 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. చలికాలంలో వలస వచ్చే ఒడ్డు పిట్టలు ఈ బురద మీద మేస్తాయి. ఇండియన్ స్కిమ్మర్ కూడా ఇక్కడ గుంపులుగా కనిపిస్తుంది. కింది ముక్కు పొడవుగా ఉండి, దాన్ని నీళ్లలో ఆనించి చేపను కోసుకుపోయే ఈ పక్షిని 2020లో అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. దాని కోసం దూరదూరాల నుంచి వస్తారు, చేతుల్లో పెద్ద పెద్ద లెన్సులతో. 40 సెం.మీ. పక్షి 100 మీటర్ల దూరంలో ఉంటే 600 మి.మీ. లెన్స్ కూడా దాన్ని 2.4 మి.మీ.కు మించి చూపించదు, ఫ్రేములో పదో వంతు. అప్పుడు వెయ్యి మి.మీ. ఎంటీఓ పెడితే బాగుండునని అనిపిస్తుంది. ఇక్కడే గాలి అడ్డొస్తుంది. పొద్దెక్కేసరికి తడి బురద నుంచి లేచే వేడి ఆవిరి పక్షి అంచులను వణికిస్తుంది. ఆ వణుకును లెన్స్ పెద్దది చేసి చూపిస్తుంది తప్ప తీసేయదు. కొత్త లెన్స్ అయినా, లక్షల లెన్స్ అయినా అంతే.

దీనికి మందు పోటు వేళ. ఆటు సమయంలో పక్షులు మేటంతా చెదిరి దూరంగా మేస్తాయి. పోటు ఎక్కేకొద్దీ మేత నేల తగ్గి, అవే ఒడ్డు వైపు జరుగుతాయి. తెల్లవారుజామున పోటు వచ్చే రోజులు చూసుకుని, ఎండెక్కకముందే అక్కడ కూర్చున్నవాళ్లకు 400 సరిపోతుంది. మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు 800 కూడా చాలదు. పడవతో గుంపు మీదకు పోయి లేపి, రెక్కలు విప్పిన ఫొటో తీసేవాళ్లను చూశాను. వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షికి ఇక్కడి మేత తిరుగు ప్రయాణానికి ఇంధనం. దాన్ని లేపి తీసిన ఫొటో ఎంత పదునుగా ఉన్నా నా దృష్టిలో పనికిరాదు.

కొల్లేటి దగ్గర ఆటపాక దీనికి పూర్తిగా భిన్నం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకోవడానికి అక్కడ స్టాండ్లు ఏర్పాటు చేశారు. పక్షులు పెద్దవి, దగ్గర, ఎక్కువసేపు కదలవు. ఏ పాత లెన్స్ అయినా, ఎవరి అడాప్టర్ అయినా నడుస్తుంది. చేతి ఫోకస్ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు నేను చెప్పే బడి అదే. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు కూడా అలాంటిదే.

చివరిది, మన వాతావరణంలో అన్నిటికన్నా ఎక్కువ లెన్సులను తినేది, బూజు. గోదావరి జిల్లాల తేమలో బీరువాలో తోలు సంచిలో పెట్టిన లెన్స్‌కు ఫంగస్ పట్టక మానదు. హైదరాబాదు కోఠీలో అయినా, కాకినాడలో తెలిసినవాళ్ల దగ్గరైనా పాత లెన్స్ కొనేముందు రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే వదిలేయాలి. చిన్నపాటి దుమ్ము వల్ల నష్టం లేదు. తరవాత మీ సొంత బాడీ, సొంత అడాప్టర్ తగిలించి, కొట్టు బయటకొచ్చి దూరంగా ఎగిరే కాకి మీద ఫోకస్ పట్టించి చూడాలి. కాకి మీద నిలవని జోడీ ఉప్పాడలో గరుడ పక్షి మీద నిలవదు. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టాలి, గింజల రంగు మారగానే వేయించి మళ్లీ వేయాలి. ఉప్పాడ నుంచి వచ్చిన రోజు అడాప్టర్ విప్పి, రెండు మౌంటుల మీదా పొడి గుడ్డతో తుడిచాకే డబ్బాలో పెట్టాలి.